సిటౌట్‌లో బూడిదైన టేకు నేల: పీకాలా, గీకాలా?

ప్రశ్న: నమస్తే. హనుమకొండల మా ఇల్లు పడమటి మొగాన ఉంటది. మొదటి అంతస్తు సిటౌట్‌ల 12 ఫీట్ల పొడవు, 10 ఫీట్ల వెడల్పు జాగకు ఆరేండ్ల కింద టేకు పలకలతోని నేల ఏయించినం. పలకలు 4 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. పైన కప్పు లేదు. వడ్లాయన మెరిసే పాలిష్ కొట్టిండు, రెండో ఏడుకే పొక్కులు లేచి ఊడిపోయింది. ఇప్పుడు చెక్క బూడిద రంగుకు తిరిగింది. ఉత్త కాళ్లతోని నడిస్తే పేళ్లు గుచ్చుకుంటున్నయ్, స్క్రూల చుట్టూ నల్లగయింది. ఒకాయన గ్రైండర్‌తోని గీకి మళ్ల పాలిష్ కొడ్త అంటుండు. ఇంకొకాయన మొత్తం పీకి టైల్స్ ఏయుమంటుండు. దసరాకు పిల్లలొస్తరు, అప్పటికి అయిపోవాలె. ఏం జెయ్యమంటరు?
– ఒక రిటైర్డ్ టీచరమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, పీకే అవసరం చాలావరకు రాదు. గ్రైండర్ పెట్టనివ్వొద్దు, మెరిసే పాలిష్ మళ్లీ కొట్టించొద్దు. పైపొర తీయించి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. దసరాకు మాత్రం ఈ పని కాదు, కారణం కింద చెప్తాం.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. నడక తక్కువుండే మూలన ఒక పలక మీద బ్లేడుతో అర అంగుళం మేర గీరండి. బూడిద పొర పొడిలా రాలి, కింద తేనె రంగు కనిపిస్తుంది. ఎంత లోతు గీరాల్సి వచ్చిందో చూస్తే, మిల్లీమీటరు కూడా ఉండదు. చెక్క నారలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పదార్థం పేరు లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడితే వాన కడుక్కుపోతుంది. పట్టు తప్పిన నారే బూడిద రంగులో మిగిలి, మీ కాళ్లకు పేళ్లై గుచ్చుకుంటోంది. స్క్రూల దగ్గర కాకుండా మిగతా చోట్ల అక్కడక్కడ కనిపించే నలుపు బూజుది.

పాలిష్ ఎందుకు ఊడిందో తెలిస్తే మళ్లీ ఎందుకు వద్దంటున్నామో అర్థమవుతుంది. ఆ మెరిసే పాలిష్ మెలమైన్ అయినా, పీయూ (పాలీయురేథేన్) అయినా, వార్నిష్ అయినా చెక్క మీద పల్చటి గాజు పొరలా కూర్చుంటుంది. పలక వానకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఆ పొర అంత సాగలేక పలకల అంచుల దగ్గర, స్క్రూ తలల దగ్గర వెంట్రుక మందాన పగులుతుంది. అందులోంచి దిగిన నీరు బయటికి రాలేక పొక్కు లేపుతుంది. పైగా రంగు లేని పాలిష్ గుండా ఎండ నేరుగా చెక్కను చేరుతుంది కాబట్టి, పాలిష్ కిందే లిగ్నిన్ విరిగి, పొర తను పట్టుకున్న నారతో సహా లేచి వస్తుంది. అదే పాలిష్ పోర్టికో నీడలో ఉన్న సింహద్వారం మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది. వడ్లాయన పనితనంలో లోపం ఉండకపోవచ్చు. తలుపుకు కొట్టేది తెచ్చి ఆకాశం కింది నేలకు కొట్టాడు, అంతే.

ఇక టైల్స్ సలహా ఇచ్చినాయన మాటలో నిజముందో లేదో పది నిమిషాల్లో తేలుతుంది. సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి పలక రెండు కొసల్లో, కుండీలు పెట్టిన చోట, గోడ పక్కన గట్టిగా పొడవండి. గట్టి టేకులో మొన ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగదు. అర సెంటీమీటరు మెత్తగా దిగితే అక్కడ చెక్క కుళ్లింది. తర్వాత మూలనున్న రెండు పలకలు విప్పించి కింద రీపర్లు, అంటే పలకలను మోసే అడ్డపట్టీలు, చూడండి. పలకలు బాగుండి రీపర్లు పోవడం తరచూ జరుగుతుంది, ఎందుకంటే పైకి టేకు వేసి కిందికి కనబడదు కదా అని ఏదో చెక్క వేస్తారు. రీపర్ల మధ్య ఆకులూ మట్టీ పేరుకుని నీళ్లు పోయే దారి మూసుకుంటే అవి ఏడాదంతా తడిలోనే ఉంటాయి. మట్టి గొట్టాల్లాంటి చెదల దారులు కనిపిస్తే గీకుడు ఆపి ముందు చెదల మందు పని చేయించాలి. రీపర్లే పోయుంటే వాటిని మార్చి పాత పలకలే మళ్లీ వేయించుకోవచ్చు. పలకలు సగానికి పైగా కుళ్లాయంటే టైల్సాయన గెలిచినట్టు.

పలకలు విప్పినప్పుడు వాటి అడుగు భాగం కూడా చూడండి. ఎండ చూడని ఆ వైపు చాలాసార్లు కొత్త చెక్కలా ఉంటుంది. మరీ లోతుగా చీలిన పలకలను గీకేకన్నా తిరగేసి బిగించడం సులువు. అయితే పాత స్క్రూ బెజ్జాలు పైకి కనిపిస్తాయి, ఇంకో వైపు తిరిగింది కాబట్టి అవి రీపర్ల మీదికి సరిగ్గా రాకపోవచ్చు కూడా. అందుకని మొత్తం నేలకు కాకుండా నాలుగైదు పలకలకే ఈ ఉపాయం.

స్క్రూల చుట్టూ నలుపు మురికి కాదు. టేకులో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుప తుప్పు తగిలితే సిరా లాంటి నలుపు పుడుతుంది. అంటే మీ స్క్రూలు మామూలు ఇనుపవి. అవి ఉన్నన్నాళ్లు ఎంత గీకినా వచ్చే వానాకాలానికి నలుపు తిరిగొస్తుంది. మీ లెక్కన 4 అంగుళాల పలకలు 28, 29 పడతాయి. అడుగున్నరకో రీపరు ఉండి, ప్రతి రీపరు మీద రెండేసి బిగించి ఉంటే మొత్తం 500 పైచిలుకు. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి, 2 అంగుళాల పొడవువి తెచ్చి అన్నీ మార్చించండి. ఖర్చు ఇక్కడ కొంచెం బాధిస్తుంది గానీ ఈ ఒక్క పని తర్వాతి పదేళ్ల పనిని తగ్గిస్తుంది. పాతది తల అరిగి రాకపోతే దాంతో కుస్తీ పట్టొద్దు. దాన్ని లోపలికి దించి, అంగుళం పక్కన, అదే రీపరు మీద కొత్తది బిగించాలి. కొత్త చోట ముందు 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో బెజ్జం వేయకపోతే ఎండిన టేకు కొసల్లో నిలువునా చీలుతుంది. స్క్రూ తల పలక మట్టానికి 2 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి. పైకి లేచిన తల ఒక్కటి చాలు, సాండర్ (గరుకు కాగితంతో చెక్కను రుద్దే మెషీన్) కాగితాన్ని పర్రున చింపడానికి.

పలకల మధ్య సందులు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. మట్టి నిండి ఉంటే పాత హాక్సా బ్లేడుతో గీరి తీయండి. తర్వాత గీకడానికి ముందే ఒకసారి కడగాలి, లేదంటే ఇసుక రేణువులు కాగితం కింద పడి గీతలు వేస్తాయి. బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లు, గట్టి కొబ్బరి పీచు బ్రష్ చాలు. తీగల బ్రష్షు, స్టీలు పీచు రెండూ ముట్టుకోవద్దు. వాటి తునకలు నారలో ఇరుక్కుని తుప్పు పట్టి, నల్ల చుక్కలై బయటపడతాయి. ఆ పక్కనే గ్రిల్లు కోసినా ఇదే జరుగుతుంది, కాబట్టి వెల్డింగ్ పని ఏదైనా ఉంటే ముందే ముగించండి. కార్లు కడిగే ప్రెషర్ గన్‌ను దగ్గరగా పెట్టినా నార లేచిపోతుంది. బాత్రూముల ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్ దేనికీ ఇక్కడ చోటు లేదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇప్పుడు గీకుడు. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రేకులున్న చక్రం) తగిలించి గీకితే పని రెండు గంటల్లో అయిపోతుంది, అందుకే ఆయన అది చెప్తున్నాడు. నిమిషానికి పది వేల పైగా తిరిగే ఆ డిస్కు వంచిన చోటల్లా నెలవంక ఆకారంలో గుంట తవ్వుతుంది. పొడి చెక్క మీద అవి కంటికి ఆనవు. నూనె పూయగానే గుంటల్లో రంగు చిక్కబడి నేలంతా నెలవంకలు తేలతాయి. బెల్టు సాండర్ తెలిసిన చేతిలో బాగానే పని చేస్తుంది, కానీ ఒక్క క్షణం నిలిపితే పల్లం పడుతుంది. మీకు కావాల్సింది 5 అంగుళాల ర్యాండమ్ ఆర్బిటల్ సాండర్, అంటే గుండ్రటి కాగితం తిరుగుతూనే అటూ ఇటూ కదిలే రకం. కొనక్కర్లేదు, మెషీన్లు కిరాయికిచ్చే దుకాణంలో అడగండి.

మొదట 60 నంబరు కాగితం (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). దీంతోనే బూడిద పొర మొత్తం పోవాలి. తర్వాత 80 నంబరుతో ఒక చుట్టు, 60 వేసిన గీతలు పోయేవరకు. అక్కడితో ఆపాలి. పాలిష్ మేస్త్రీలకు తలుపుల మీద 220, 320 దాకా పోయే అలవాటు. నేలను అంత నున్నగా చేస్తే చెక్క రంధ్రాలు మూసుకుని నూనె లోపలికి దిగదు, తడిసినప్పుడు కాలు కూడా జారుతుంది. 120 చదరపు అడుగులకు 60 నంబరు డిస్కులు 15, 80 నంబరువి 10 తెచ్చుకోండి. మిగిలిపోయిన పాలిష్ ఉన్న చోట డిస్కు వేడెక్కి జిగురు పట్టుకుంటుంది. అక్కడ ముందే స్క్రేపర్‌తో గీరేస్తే డిస్కులు మిగులుతాయి. సాండర్‌ను నొక్కొద్దు, దాని బరువు చాలు. చెక్క నార వెంటే, సెకనుకు అంగుళం చొప్పున మెల్లగా జరపాలి. పలకల అంచులు పదునుగా ఉంటే అక్కడే మొదట పేళ్లు లేస్తాయి, కాబట్టి 80 కాగితం చేత్తో పట్టి అంచుల పదును చంపండి. పలకలు మధ్యలో గుంటపడి అంచులు లేచి ఉంటే, 3 మిల్లీమీటర్ల లోపు తేడా అయితే రంద కొట్టి సరిచేయవచ్చు. అంతకు మించితే ఆ పలక మార్చడమే. మొత్తానికి ఒక మనిషికి 60 నంబరు ఒక రోజు, 80 నంబరు ఒక పూట పడుతుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. టేకు పొడి చాలామందికి దురద, దగ్గు తెప్పిస్తుంది.

గీకిన తర్వాత మీకు ఒక ఆశ్చర్యం ఉండొచ్చు. బూడిద రంగులో అన్నీ ఒకేలా ఉన్న పలకల్లో కొన్నింటికి అంచున లేత పసుపు, తెలుపు పట్టీ బయటపడుతుంది. అది చేవ (మాను నడిమి గట్టి భాగం) కాదు, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క. టేకు మన్నిక అంతా చేవలోనే ఉంది. తెల్లచెక్కకు చెదలూ పడతాయి, కుళ్లూ తొందరగా వస్తుంది. వేళ్ల మందాన ఉంటే వదిలేయండి, నూనె మాత్రం అక్కడ ఒక చేయి ఎక్కువ పట్టించండి. సగం పలక తెల్లగా ఉంటే ఇప్పుడే మార్చించండి, మళ్లీ మళ్లీ సాండర్ తెచ్చే పని లేకుండా.

నల్ల మరకలు గీకినా పోని చోట ఆక్సాలిక్ ఆసిడ్ పనికొస్తుంది. లీటరు వేడి నీళ్లకు 100 గ్రాములు, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. మరక మీదే కాకుండా పలక మొత్తానికి పూయాలి, లేకపోతే తెల్లటి మచ్చ తేలుతుంది. 15, 20 నిమిషాలకు నలుపు కరిగిపోతుంటే కంటికే కనిపిస్తుంది. తర్వాత మంచినీళ్లతో మూడుసార్లు బాగా కడగాలి. కడగకుండా ఆరనిస్తే స్ఫటికాలు మిగిలి, మళ్లీ కాగితం పెట్టినప్పుడు ఆ దుమ్ము గొంతు మండిస్తుంది. ఇది విషం, పైగా చూడ్డానికి చక్కెరలా ఉంటుంది. మీ ఇంటికి పిల్లలు రాబోతున్నారు కాబట్టి మిగిలిన పొట్లం ఇంట్లో ఉంచొద్దు. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. కడిగిన నీళ్లు తులసి కోట వైపు, కింది అంతస్తు మార్బుల్ మీదికి పోకుండా చూడండి, మార్బుల్ మెరుపు పోతుంది. తడికి లేచిన నారను ఆరాక 100 నంబరు కాగితంతో చేత్తో ఒక్కసారి తుడిచినట్టు రుద్దితే చాలు.

ఇక్కడే దసరా సంగతి. కడిగిన తర్వాత, లేదా చివరి వాన తర్వాత, కనీసం నాలుగు మంచి ఎండలు తగిలితే గానీ పలక లోపలి తడి దిగదు. పైకి ఎండినట్టు కనిపించడం వేరు. తడి మీటరు ఉన్న మేస్త్రీ దొరికితే 15 శాతం లోపు చూపించాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో ఊరిన చెక్క దసరా నాటికి ఆ స్థితికి రావడం కష్టం, ఆ రోజుల్లో ఇంకో వాన పడినా ఆశ్చర్యం లేదు. తడి చెక్కలోకి నూనె దిగదు, పైన జిగటగా నిలిచి నల్లబడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎప్పుడైనా మంచిదే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. వేడెక్కిన పలక మీద నూనె ఇంకేలోపే పైపొర గట్టిపడుతుంది. పండుగకు మటుకు లేచిన స్క్రూలు బిగించి, పేళ్లు లేచిన చోట 80 కాగితంతో చేత్తో రుద్ది, పైన కొత్తవాడ జంపఖానా ఒకటి పరవండి. వాన పడితే మాత్రం వెంటనే ఎత్తేయాలి.

నూనె పూసే ముందు నీళ్ల పరీక్ష: నాలుగైదు చోట్ల అర చెంచా నీళ్లు పోయండి. రెండు మూడు నిమిషాల్లో ఇంకి చెక్క రంగు చిక్కబడితే సిద్ధం. ముత్యంలా నిలబడిందంటే అక్కడ పాత పాలిష్ ఇంకా ఉంది, మళ్లీ 60 నంబరే.

ఏ నూనె అన్నది చాలామంది తప్పు చేసే చోటు. కొబ్బరి నూనె, ఆముదం, వంట నూనెలు ఎన్నాళ్లైనా సరిగ్గా గట్టిపడవు. దుమ్మును పట్టుకుని జిడ్డు చాపలా తయారవుతాయి. కాలిన ఇంజిన్ ఆయిల్ పశువుల కొట్టాల గుంజలకు పూయడం చూసి ఇక్కడా పూద్దామనుకోవద్దు. అది విషపదార్థాలున్న మడ్డి, పిల్లలు పాకే చోటికి పనికిరాదు. ఉత్త అవిసె నూనె చాలా ఆలస్యంగా ఆరుతుంది, పైగా బూజుకు అదే తిండి, వానాకాలంలో నేల నల్లబడుతుంది. డబ్బా మీద ఆరుబయటి చెక్కకు అని, ఎండ నుంచి, బూజు నుంచి రక్షణ అని రాసి ఉన్న డెకింగ్ ఆయిల్ అడగండి. రంగు లేనిది వద్దు, టేకు రంగు కలిసినది తీసుకోండి. ఎండను ఆపేది ఆ రంగే. రంగు లేని నూనె పూసిన నేల ఏడాదిలోపే మళ్లీ బూడిదవుతుంది. మీ 120 చదరపు అడుగులంటే సుమారు 11 చదరపు మీటర్లు. ఎండిన చెక్క మొదటి పూతలో లీటరుకు 10 చదరపు మీటర్ల దాకా తాగుతుంది, రెండో పూతలో తక్కువ. 2 లీటర్లు సరిపోతుంది, రెండున్నర ఉంటే నిశ్చింత.

మీ సిటౌట్ పడమటి వైపు కావడం ఇక్కడ కలిసొస్తుంది. మధ్యాహ్నం దాకా ఇంటి నీడ ఉంటుంది. చలికాలం పొద్దున మంచు ఆరడానికి నీడలో ఆలస్యమవుతుంది కాబట్టి 10 గంటలకు మొదలుపెట్టి ఒంటిగంట లోపు ముగించండి. డబ్బాను అడుగు దాకా కర్రతో కలపాలి, రంగు కిందే పేరుకుని ఉంటుంది. 4 అంగుళాల బ్రష్‌తో రెండు మూడు పలకలను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆపకుండా పూయండి. మధ్యలో ఆపి టీ తాగి వస్తే అక్కడ అతుకు గీత మిగిలిపోతుంది. పలకల కొసలు మిగతా చెక్కకన్నా చాలా ఎక్కువ నూనె పీలుస్తాయి, తాగడం ఆగేవరకు రెండు మూడుసార్లు పట్టించండి. 15, 20 నిమిషాల తర్వాత పైన మిగిలిన నూనెను నూలు గుడ్డతో తుడిచేయడం అసలు కిటుకు. పోసింది తుడిచేయడమేంటని మేస్త్రీ అంటాడు. తుడవని చోట వారం తర్వాత కూడా చెప్పు అంటుకుంటుంది. రెండో పూత మర్నాడు. నడవడానికి ఒక రోజు, కుర్చీలు పెట్టడానికి, నీళ్లు పడటానికి మూడు రోజులు ఆగండి. ఆ మూడు రోజులు కోతుల కాపలా కూడా చూసుకోవాలి. పచ్చి నూనె మీద వాటి అడుగులు అచ్చుగుద్దినట్టు పడతాయి.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు. ఆరే నూనెలు గాలితో కలిసి వేడి పుట్టిస్తాయి, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే మంట లేస్తుంది. ఈ మాటను పెద్దగా పట్టించుకోరు గానీ చెక్క పని చేసే చోట్ల అగ్ని ప్రమాదాలకు ఇదో కారణం. ప్రతి గుడ్డనూ నీళ్ల బకెట్‌లో ముంచండి, లేదా ఆరుబయట గోడ మీద ఒంటి పొరగా పరచి పూర్తిగా గట్టిపడ్డాకే పారేయండి.

తర్వాత చూసుకోవాల్సింది తక్కువే. కుండీల కింద అంగుళం ఎత్తు కాళ్లు పెట్టండి, తడి గుండ్రాలు పడకుండా. బతుకమ్మ పేర్చేది ఇక్కడే అయితే కింద పళ్లెం, దాని కింద ప్లాస్టిక్ కవరు ఉండాలి. గునుగుకు అద్దిన రంగు తడితో కారి చెక్కలోకి దిగితే మళ్లీ సాండర్ పట్టాల్సిందే. దీపావళి ప్రమిదల నూనె పడితే ఆ రోజే థిన్నర్ గుడ్డతో తుడవండి, దీపాలన్నీ ఆరిపోయాకే. ఫినాయిల్, ఆసిడ్ దగ్గరికి రానివ్వొద్దు.

ఏటా వానలు వెళ్లి నేల ఎండాక మళ్లీ అర చెంచా నీళ్లు పోసి చూడండి. చుక్క నిలబడితే ఆ ఏడాది నూనె అక్కర్లేదు. ఇంకిపోతే గీకనవసరం లేకుండా కడిగి, ఆరబెట్టి, ఒక్క పూత పూయండి. దానికి లీటరులోపే పడుతుంది.